ఐదు వేళ్ళ తేమ

కాకినాడలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న సాగరమిత్ర అపార్ట్‌మెంట్స్‌లో, ఎవరైనా తమ ఇంట్లో నేలమీద షీటు పరుచుకోవాలంటే ముందు ఆ నేలకి సంఘం చేత యోగ్యతాపత్రం రాయించుకోవాలి. ఈ నిబంధన ఒక పూరీ వల్ల వచ్చింది.

నిజం పూరీ కాదు. మూడో అంతస్తులో ఒకాయన తొందరపడి, కింద బండలు ఊడ్పించకుండానే, హాల్లో వినైల్ షీటు వేయించాడు. తొలకరి పడగానే ఆ షీటు మధ్యలో నూనెలో పూరీలా పొంగింది. సంఘం అధ్యక్షులు భీమశంకరంగారి వియ్యంకుడు ఆ ఇంటికి పలకరింపుకి వెళ్ళి సరిగ్గా ఆ పొంగుమీదే కాలు వేశాడు. పొంగు ఉస్సుమని దిగింది, వియ్యంకుడు దాంతోపాటే దిగి నేలమీద కూలబడ్డాడు. ఎక్కడా దెబ్బ తగల్లేదు. కానీ చేతికిచ్చిన కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. వియ్యంకుడి కాలు విరిగినా భీమశంకరంగారు ఓర్చుకునేవారు కాని, తాగకుండా వదిలేసిన కాఫీని మటుకు ఓర్చుకోలేకపోయారు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఏ కొట్టువాడి రాయి ఎంత తరుగో ఆయనకి చేత్తో ఎత్తితే తెలిసేది. రిటైరయ్యాక తూచడానికి ఏమీ లేక, కొలవడానికి ఏమీ లేక, ఆయన సాయంత్రాలు చాలా పొడుగ్గా ఉండేవి. మర్నాటి ఆదివారం సర్వసభ్య సమావేశం పెట్టి, ‘అధోతల పరిశీలన ఉపసంఘం’ స్థాపించారు. షీటు కింద ఉండే నేలని మేస్త్రీలు కింద నేల అంటారు. ఉపసంఘం దానికి అధోతలం అని పేరు పెట్టింది. ఆ మాట నోటీసు బోర్డులో చూసి కొందరు పాతాళానికి సంబంధించినదేమో అనుకున్నారు. ఇరవైరెండు నిబంధనలు తయారయ్యాయి. వాటిని తప్పుపట్టడానికి వీల్లేదు. ఒక్కొక్కటి విడిగా చదువుకుంటే ప్రతిదీ సబబుగానే ఉంది.

కింది అంతస్తు మూడో నంబరు ఇంట్లో ఉండే పేరిందేవి ఆ నోటీసుని మూడుసార్లు చదివింది. డెబ్భైరెండేళ్ళ మనిషి. వినైల్ షీటు సరదా ఆవిడకి లేదు. అవసరం పడింది.

ఆవిడా, ఆవిడ ఆడపడుచు మాణిక్యాంబా పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో కలిసి ఉంటున్నారు. ఇద్దరికీ భర్తలు పోయారు. ఒకరంటే ఒకరికి పడదని చుట్టాలందరికీ తెలుసు. పప్పులో ఇంగువ ఎంత వెయ్యాలన్న విషయం మీద వాళ్ళు పదకొండేళ్ళుగా ఒక నిర్ణయానికి రాలేదు. అయినా ఒకరు డాక్టరు దగ్గరికి వెళ్తే రెండోవాళ్ళు అన్నం తినేవారు కాదు. జ్యేష్ఠంలో ఒకరోజు హాలుకీ వంటింటికీ మధ్య పైకి లేచిన బండ అంచుకి కాలి బొటనవేలు తట్టుకుని మాణిక్యాంబ పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గర ఉండి, ముందు రెండు చిన్న చక్రాలున్న వాకరు పట్టుకుని నడక నేర్చుకుంటోంది.

మాణిక్యాంబ కూతురు ఇందుమతి భిలాయ్ నుంచి వచ్చి, ఇల్లంతా వాకరు తోసి చూసింది. అడుగడుక్కీ చక్రం బండల సందులో దిగబడింది. మనసులో ఏదీ దాచుకోని పిల్ల కావడంతో నేరుగానే చెప్పింది.

“నీమీద కోపం లేదత్తయ్యా. ఈ బండలమీద మాత్రం అమ్మ నడవలేదు. పద్దెనిమిదో తారీకున ఫిజియోథెరపీ వాళ్ళు పంపించేస్తారట. ఆ లోపల నేల చదునైతే అమ్మ నీ దగ్గరే ఉంటుంది. అవకపోతే నాతో తీసుకుపోతాను. రెండు టిక్కెట్లూ తీసి ఉంచాను.”

అప్పటికి ఇరవైనాలుగు రోజులు ఉన్నాయి. పేరిందేవి తన జీవితంలో చాలామందిని సామర్లకోట స్టేషన్లో రైలెక్కించింది. వాళ్ళలో సగంమంది తిరిగి రాలేదు. కారణాలు వేరువేరు. ఇప్పుడు ఎవరైనా పెట్టెకి జిప్పు లాగుతున్న చప్పుడు వినిపించినా ఆవిడకి నోరు ఎండిపోతుంది.

నేలపని చేసే గాబ్రేలుని పిలిపించారు. అతను మోకాళ్ళమీద కూర్చుని ఇనుపకడ్డీతో ఒక్కొక్క బండనీ కొట్టి విన్నాడు. డొల్లగా మోగినవాటిమీద సుద్దతో గుర్తులు పెట్టాడు. పొడుగాటి బద్దని నేలమీద అడ్డంగా ఆనించి, దానికింద నుంచి వెలుతురు ఎక్కడెక్కడ కనిపిస్తోందో చూశాడు. దానిమీద రసమట్టం పెట్టి అందులో గాజుగొట్టంలోని బుడగ అటూ ఇటూ పారిపోవడం పేరిందేవికి చూపించాడు.

“మామ్మగారండి, ఇది నేల కాదండి, పోటెక్కిన సముద్రమండి,” అన్నాడు. “వినైలు షీటు పల్చటి చీరలాటిదండి. కింద ఏదుంటే అది పైకి చెప్పేత్తది. ఆవగింజున్నా ఆగదండి. షీటెయ్యడం ఒక్కపూట పని. కింద నేలని తయారు చెయ్యడమేనండి అసలు పనంతా.”

తయారు చేశాడు. డొల్లబండలు లేపి సిమెంటులో మళ్ళీ కూర్చాడు. లేచిన అంచుల్ని మిషనుతో అరగదీశాడు. సందులు గీకి, దుమ్ము పీల్చే మిషను పెట్టి పీల్చి, గట్టి సిమెంటు పిండితో నింపాడు. ప్రైమరు పూసి, ఆ పైన నీళ్ళలో కలిపిన చదును మసాలా పోశాడు. అది గంజిలా తనంతట తనే పారుకుని పల్లాలన్నీ వెతుక్కుంటూ పోయి నిలబడింది. ఇంట్లో సామానంతా వెనక వరండాలోకి చేరింది. పేరిందేవి మంచం మూరెడు సందులో పడింది. ఆవిడ అవేమీ పట్టించుకోలేదు. ఆరిన నేలని చేత్తో నిమిరి చూసుకుని, దరఖాస్తు తీసుకుని సంఘం ఆఫీసుకి వెళ్ళింది.

దరఖాస్తులో దరఖాస్తుదారు వయసు, అధోతలం వయసు, అధోతలానికి ఇంతకుముందు ఏవైనా వ్యాధులుంటే వాటి వివరాలు రాయాలి. కార్యదర్శి ఉమాకాంతరావుగారు అంతా సరిచూసి, పరిశీలన ఆదివారం పది గంటలకి జరుగునని తెలియజేయడమైనది, అన్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషికే అలా తెలియజేశారు.

ఆదివారం భీమశంకరంగారు, ఉమాకాంతరావుగారు, ఇంకొక సభ్యుడు వచ్చారు. గుమ్మం దగ్గర ఆగి ఏడో నిబంధన పైకి చదివారు. పాదధూళి వల్ల అధోతలం కలుషితం కాకుండుటకై పరిశీలకులు చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని లోనికి ప్రవేశించవలెను. పేరిందేవికి ఆ నిబంధన ఎంతో నచ్చింది. పెద్దమనుషులు వచ్చి కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రావడం ఆవిడ పుట్టింట్లోనూ లేదు, అత్తింట్లోనూ లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి మర్యాదగా పోసింది. ముగ్గురూ మడమలు రుద్దుకుని మరీ కడుక్కున్నారు. తడికాళ్ళతో అలాగే నడిచి వెళ్ళి హాలు మధ్యలో నిలబడ్డారు.

తరువాత పదకొండో నిబంధన అమలు జరిగింది. అధోతలంలో తేమ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి మూరెడు ప్లాస్టిక్ కాగితం నేలమీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. నేలలో తేమ ఉంటే కాగితం కింద చెమ్మ పడుతుంది. భీమశంకరంగారు తను అప్పటిదాకా నిలబడ్డ చోటు నుంచి ఒక్క అడుగు వెనక్కి వేసి, సరిగ్గా ఆ నిలబడ్డ చోటే కాగితాన్ని స్వహస్తాలతో అతికించారు.

మర్నాడు పదింటికి వచ్చి చూస్తే కాగితం కింద చెమ్మ ఉంది. చెదురుమదురుగా లేదు. ఒక మడమ, ఒక వంపు, ఆ పైన ఐదు వేళ్ళు. బొటనవేలు కాస్త పక్కకి తిరిగి ఉంది.

పేరిందేవికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చెప్పడానికే చాలాసేపు పట్టింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నిన్న కాళ్ళు తడిగా ఉండడం వల్లనేమోనండీ, అంది.

భీమశంకరంగారు నొచ్చుకోలేదు. తెలియనివాళ్ళకి తెలియజెప్పడం ఆయనకి ఇష్టం.

“అమ్మా, కాళ్ళు కడుక్కున్న తరువాత తడిగా ఉండడం సహజం. నేల తడిగా ఉండడం అసహజం. ఉపసంఘం అసహజమైన దానిని మాత్రమే పరిశీలిస్తుంది.”

ఉమాకాంతరావుగారు ఫైలులో రాసుకున్నారు: ‘మూడవ నంబరు గృహమందలి అధోతలము నుండి తేమ ఐదు వేళ్ళ ఆకారములో ఊర్ధ్వముఖముగా వచ్చుచున్నట్లు గమనించడమైనది. తిరస్కరించడమైనది.’

గాబ్రేలు వచ్చి మోకాళ్ళమీద కూర్చుని ఆ కాగితం చూశాడు. తేమ ఎడంకాలిదండి, అని మటుకు అన్నాడు. అధ్యక్షులకి తను చెప్పి చూస్తానని వెళ్ళాడు గాని, పనివాడి అభిప్రాయం నింపడానికి దరఖాస్తులో గడి లేదని వాళ్ళు తిప్పి పంపేశారు. చేసేదేం లేక మళ్ళీ ఇసక కాగితంతో పైపొర గీకి, ప్రైమరు పూసి, రెండో పొర పోశాడు. ఈసారి నేల ఇంకా నున్నగా వచ్చింది.

తేమ సంగతి తీవ్రమైనది కాబట్టి రెండో ఆదివారం ఏడుగురు సభ్యులు వచ్చారు. ఏడుగురికీ పధ్నాలుగు కాళ్ళు. పేరిందేవి ముందే ఆలోచించుకుని ఉతికిన తువ్వాలు చేతిమీద వేసుకుని గుమ్మంలో నిలబడింది. మొదటాయన చెయ్యి చాపబోతుంటే ఉమాకాంతరావుగారు పధ్నాలుగో నిబంధన గుర్తు చేశారు. షీటు కింద నూలుపోగు చిక్కుకున్నా పైకి తేలును గనుక, పరిశీలన సమయంలో తువ్వాళ్ళు, అంగవస్త్రాలు, ఇతర నూలు వస్త్రాల వినియోగం నిషిద్ధం. చాపినాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ తాటాకు విసనకర్ర తెచ్చి, ఒక్క నిమిషం కాళ్ళకి విసురుతానంది. గాలివల్ల ధూళి రేగును కాబట్టి తొమ్మిదో నిబంధన దాన్నీ ఒప్పుకోలేదు. కాసేపు ఎండలో నిలబడితే ఆరుతాయి కదా అని కూడా అడిగింది. ఎండలో నిలబడితే మళ్ళీ ధూళి అంటుతుంది, మళ్ళీ కడుక్కోవాలి, అన్నారు భీమశంకరంగారు. అందులో తప్పేమీ లేదు.

ఈసారి నాలుగు చోట్ల కాగితాలు అతికించారు. మర్నాడు నాలుగు చోట్లా పాదాలు వచ్చాయి. ఒకటి పెద్దది, రెండు నడిమివి, ఒకటి చిటికెనవేలు లేనిది.

అది శ్రావణ మాసం కావడంతో ఆ వార్త రెండో అంతస్తుకి చేరేలోపలే మారిపోయింది. పేరిందేవిగారింట లక్ష్మీదేవి పాదాలు వెలిశాయన్నారు. మధ్యాహ్నానికి పదిమంది ఆడవాళ్ళు పసుపూ కుంకుమా చేమంతులూ పట్టుకుని వచ్చారు. పేరిందేవి అడ్డు నిలబడి, అవి పాదాలే కాని అమ్మవారివి కావని ప్రాధేయపడింది. ఎంత వినయమో చూడండి, అనుకున్నారు వాళ్ళు. ప్లాస్టిక్ కాగితం టేపు విప్పి పసుపు రాసి బొట్టు పెట్టారు. అన్నింట్లోకీ పెద్ద పాదానికి, బొటనవేలు పక్కకి తిరిగినదానికి, కొబ్బరికాయ కొట్టబోతుంటే భీమశంకరంగారు వచ్చారు.

ఆయన ఇలాంటివి నమ్మే మనిషి కాదు. అందర్నీ పక్కకి తప్పుకోమని, జేబులోంచి కొలతటేపు తీసి ఆ పాదాన్ని కొలిచారు. ఇరవై ఆరున్నర సెంటీమీటర్లు. పోల్చి చూడడానికి వేరే ప్రమాణం దొరక్క తన ఎడమపాదం తీసి దాని పక్కన పెట్టారు. తరువాత దానిమీదే పెట్టారు. మడమా, వంపూ, బొటనవేలూ అన్నీ అమరాయి. ఈసారి ఆయనకి తెలిసి తీరుతుందని పేరిందేవి అనుకుంది.

“రాసుకోండి,” అన్నారాయన కార్యదర్శితో. “తేమ యొక్క పరిమాణం సగటు మానవ పాద ప్రమాణానికి సరిపోవుచున్నది. కావున ఇది ప్రమాణబద్ధమైన తేమ.”

పసుపు పొడీ కుంకుమ పొడీ ఉన్నందువల్ల ఐదో నిబంధన కింద అధోతలాన్ని రెండోసారి తిరస్కరించారు.

మర్నాడు పేరిందేవి ఆటో ఎక్కి ఫిజియోథెరపీ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. మాణిక్యాంబ రెండు కడ్డీల మధ్య నడుస్తోంది. మూడు నెలల్లో బాగా చిక్కిపోయింది. నోరు మటుకు చిక్కలేదు. జరిగిందంతా విని, కడ్డీ పట్టుకునే నవ్వి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చోబెట్టించుకుంది.

“నా కాలు విరిగితే ఆ అపార్టుమెంటు నుంచి ఒక్కరు రాలేదు వదినా. భీమశంకరంగారి కాలికి పూజలా?”

పేరిందేవికి నవ్వు రాలేదు. ఇంక వారం రోజులే ఉందనీ, యోగ్యతాపత్రం రాకపోతే షీటు వెయ్యనివ్వరనీ, వేస్తే పీకేస్తారనీ చెప్పింది. మాణిక్యాంబ కాసేపు చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ కూర్చుంది.

“ఇందు నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటుంది, అది కాదనను,” అంది చివరికి. “కానీ వదినా, నేనేమన్నా సరేలే అమ్మా అంటుంది. వద్దన్నా సరేలే అమ్మా. కావాలన్నా సరేలే అమ్మా. దానింట్లో నాతో పోట్లాడేవాళ్ళు ఒక్కరు లేరు. అలా ఎన్నాళ్ళని బతకను?”

పేరిందేవి ఇంటికి వచ్చేసరికి ఉపసంఘం విశ్వరూపం ఎత్తి ఉంది. మూడో నంబరు ఇంట్లో తేమ ఉంటే మిగతా ఇళ్ళ సంగతేమిటని భీమశంకరంగారికి న్యాయమైన సందేహం కలిగింది. నాలుగు అంతస్తుల్లోనూ ఇరవైనాలుగు ఇళ్ళకీ వెళ్ళి, ప్రతి గుమ్మంలోనూ కాళ్ళు కడుక్కుని, కాగితాలు అతికించారు. మర్నాడు ఇరవైనాలుగు ఇళ్ళలోనూ పాదాలు. సముద్రం స్తంభాలగుండా పైకి ఎక్కుతోందని ఆయన ఒక వ్యాసం రాశారు. అంతస్తుకి ఇంత చొప్పున ఎక్కుతోందని లెక్క కట్టి, పటం గీసి, లిఫ్టు పక్కన అంటించారు. నిజానికి నాలుగో అంతస్తులో తేమ ఎక్కువగా కనబడింది. పైకి ఎక్కేకొద్దీ సభ్యులు అలిసిపోయి, కాళ్ళు చల్లగా ఉంటాయని ఇంకో చెంబు పోయించుకోవడమే దానికి కారణం. సముద్రానికి పైకి పోయేకొద్దీ వేగం హెచ్చుతుందని వ్యాసంలో ఉంది.

అధోతలాలకి గాలి తగలాలి కాబట్టి అందరూ సామాను బయట పెట్టవలసిందిగా కోరడమైంది. సోఫాలు కారిడార్లలోకి వచ్చాయి. మంచాలు కార్లు పెట్టే చోటికీ, కార్లు రోడ్డుమీదికీ వెళ్ళాయి. రెండో అంతస్తు టీచరమ్మ లిఫ్టు ముందు ట్యూషన్ చెప్పుకుంది. అల్లుడొస్తే ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక ఒకావిడ రావద్దని కబురుపెట్టింది. మొదట విసుక్కున్నవాళ్ళే నాలుగు రోజులయ్యేసరికి మా ఇంట్లో ఏడు వేళ్ళు కనపడ్డాయంటే మా ఇంట్లో రెండు మడమలని గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. తేమ లేదని తేలితే చిన్నతనంగా ఉంటుందని ఒకాయన స్వయంగా కాస్త నీళ్ళు చల్లుకున్నాడట. అది పుకారే కావచ్చు.

చివరికి నాలుగో అంతస్తుకి పైన ఆరుబయట ఉన్న మేడమీద కూడా పరీక్ష జరిపారు. అది ఇల్లు కాదు కనుక, గుమ్మం లేదు కనుక, కాళ్ళు కడుక్కునే నిబంధన అక్కడ వర్తించదు. చెప్పులతోనే వెళ్ళి కాగితం అతికించారు. వాన వెలిసి రెండు రోజులైంది, ఎండ మాడుతోంది. మర్నాడు కాగితం కింద ఒక్క చుక్క లేదు. మొత్తం భవనంలో వినైల్ షీటు వేయడానికి యోగ్యమైన అధోతలం మేడమీద మాత్రమే ఉన్నదని ఉపసంఘం ఏకగ్రీవంగా తేల్చింది. నాలుగో అంతస్తు ఆయన ఒకరు వెంటనే దరఖాస్తు పెట్టుకుని, మేడమీద పన్నెండడుగుల పూలషీటు పరిపించి యోగ్యతాపత్రం పుచ్చుకున్నాడు. దానిమీద ఎవరు నడుస్తారని ఎవరూ అడగలేదు.

ఇంత సందడిలోనూ గాబ్రేలు తన పని తను చేసుకుపోయాడు. పసుపు మరక ఏం చేసినా పోలేదు. మొత్తం మళ్ళీ అరగదీసి మూడో పొర పోయాల్సి వచ్చింది. పదిహేనో తారీకు సాయంత్రానికి అది ఆరింది. అతను బద్ద ఆనించి చూస్తే వెలుతురు రాలేదు. రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలబడిపోయింది. హాల్లో, వంటింటి గుమ్మంలో, స్నానాల గది ముందు, ఎక్కడ పెట్టినా కదల్లేదు.

“పాతికేళ్ళనుంచి చేత్తన్నానండి. ఇంత మట్టంగా ఉన్న నేల నేనెక్కడా చూళ్ళేదండి,” అన్నాడు. గర్వంగా లేదు అతని గొంతు. ఇంత చేసినా షీటు వెయ్యనివ్వరు కదా అని దిగులుగా ఉంది.

పేరిందేవి చెప్పులు విడిచి హాలు ఆ చివరి నుంచి వంటింటిదాకా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది. మూడోసారి కళ్ళు మూసుకుని నడిచింది. పాదం ఎక్కడా ఎత్తవలసిన పనే రాలేదు. కళ్ళు తెరిచి చాలాసేపు కిందికే చూస్తూ నిలబడింది.

“గాబ్రేలూ,” అంది నెమ్మదిగా, “దీనిమీద ఇలాగే నడిస్తే ఏమవుతుంది?”

అతను తల గోక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట తననెవరూ అడగలేదన్నాడు. ఉత్తిదే అయితే పొడి రాలుతుంది గాని, పైన సీలరు రెండు పూతలు పూస్తే ఏడాదిదాకా ఢోకా ఉండదన్నాడు. ఆనక మళ్ళీ పూసుకోవచ్చు. వాకరు చక్రం సంగతి అడిగితే, షీటు మీదకన్నా ఇంకా తేలిగ్గా పోద్దండి, అన్నాడు.

పదహారో తారీకు ఆదివారం ఉపసంఘం సమావేశం కార్లు పెట్టే చోట, మంచాల మధ్య జరిగింది. పేరిందేవి చీర కొంగు భుజాలమీదుగా కప్పుకుని వెళ్ళింది. పదిమంది ముందు ఆవిడ ఎప్పుడూ నోరు విప్పి ఎరగదు. చెప్పాల్సిన మాటలు రాత్రంతా కూడబలుక్కుంది గాని తీరా నిలబడ్డాక అందులో ఒక్కటే మిగిలింది.

“అయ్యా, నేను నేలమీద ఏమీ పరవకపోతే ఏమవుతుందండీ?”

భీమశంకరంగారు ఉమాకాంతరావుగారి వైపు చూశారు. ఉమాకాంతరావుగారు నిబంధనల పుస్తకం తెరిచారు. మొదటి నుంచి చివరిదాకా చదివారు, చివరి నుంచి మొదటిదాకా చదివారు. పరిచినవారి గురించి ఉంది. పరవబోయేవారి గురించి ఉంది. పరిచి తీసేసినవారి గురించి కూడా ఉంది. ఏమీ పరవనివారి గురించి ఒక్క ముక్క లేదు.

గుసగుసలు చాలాసేపు నడిచాయి. ఆఖరికి భీమశంకరంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తీర్పు చెప్పేటప్పుడు ఆయన కూర్చోరు.

“ఉపరితలం ఉన్నప్పుడే అధోతలం ఉంటుంది. ఉపరితలం లేనప్పుడు అధోతలం లేదు. ఉన్నది ఉత్త నేల. ఉత్త నేల ఉపసంఘం పరిధిలోకి రాదు. మూడవ నంబరు గృహంలో అధోతలం లేనందున, లేని అధోతలంలో తేమ కూడా లేదని నిర్ధారించడమైనది.”

దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి వేరే దరఖాస్తు లేకపోవడంతో, ఆవిడ కాగితాన్ని ఆవిడ చేతికే ఇచ్చేశారు. చుట్టూ మంచాలమీద కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ సాయంత్రానికి చాలా ఇళ్ళలోకి సోఫాలు వెనక్కి వెళ్ళిపోయాయి. పరవని నేల ఇంత సులువని వాళ్ళకి అంతవరకూ తట్టలేదు.

పేరిందేవి మెట్లవైపు నడుస్తుంటే భీమశంకరంగారు వెనకాలే వచ్చారు. ఫైలు లేకుండా ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నారు. ఎంతో చక్కటి తేమ అమ్మా అది, అన్నారు. అప్పుడప్పుడూ వచ్చి ఆ నేలని ఒకసారి చూసి వెళ్ళవచ్చునా అని అడిగారు. ఆవిడకి ఎందుకో జాలేసింది. తప్పకుండా రండి, మా ఆడపడుచు కూడా ఉంటుంది, అంది. ఉంటుంది అన్న మాట తన నోట వినేసరికి, మెట్టుమీద ఆగి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

పద్దెనిమిదో తారీకు పదకొండింటికి ఇందుమతి తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. గుమ్మంలోనే తల్లిని ఆపి, ఖాళీ వాకరుని హాల్లోకి తోసింది. అది తనంతట తనే నాలుగడుగులు పోయి నిటారుగా ఆగింది. ఇందుమతి దాని వెనక వెళ్ళి వంటింటి దాకా తోసింది, స్నానాల గది దాకా తోసింది, వెనక్కి తెచ్చింది. షీటు ఏదత్తయ్యా అని అడిగితే, అవసరం పడలేదే అంది పేరిందేవి. ఇందుమతి ఒంగి, సీలరు ఆరి మెరుస్తున్న నేలని వేలితో రాసి చూసింది. తల్లి చేతికి వాకరు అందించింది.

మాణిక్యాంబ నడిచింది. మొదటి నాలుగడుగులూ నేలవంక చూస్తూ వేసింది, ఐదో అడుగు నుంచి తలెత్తింది. గోదాము నేలలా ఉందేమిటి వదినా ఈ రంగు, అంది. ఆగకుండా వంటింట్లోకి వెళ్ళిపోయి, గట్టుమీద చెయ్యి ఆనించి, వరసగా డబ్బాల మూతలు తీసి చూడడం మొదలుపెట్టింది. మూడో డబ్బా దగ్గర ఆగింది.

“కందిపప్పు డబ్బాలో మినప్పప్పు ఎవరు పోశారు?”

“నేనే పోశాను,” అంది పేరిందేవి. “మూడు నెలల నుంచి ఈ ఇంట్లో ఇంకెవరున్నారని పోస్తారు?”

“పదకొండేళ్ళుగా అది కందిపప్పు డబ్బా.”

“మూత బిగుసుకుపోతోంది దానికి. కందిపప్పు రోజూ తియ్యాలి. నా వేళ్ళు పోతున్నాయి.”

“మూత బిగుసుకుంటే మూత మారుస్తారు గాని పప్పు మారుస్తారా ఎవరైనా? మా అన్నయ్య ఉంటేనా...”

“మీ అన్నయ్యకి రెండు పప్పులకీ తేడా తెలిస్తే కదా.”

గుమ్మంలో సంచులతో నిలబడ్డ ఇందుమతికి భయం వేసింది. డాక్టరు ఆవేశపడవద్దన్నాడనీ, డబ్బా తను మార్చేస్తాననీ, ఇద్దరూ ముందు కూర్చోండనీ అంది.

“నువ్వూరుకోవే,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే, వెనక్కి తిరిగి చూడకుండా.

ఇందుమతి సంచులు కింద పెట్టి, హాల్లోకి వచ్చి కూర్చుని, ఫోను తీసి రెండింట్లో ఒక టిక్కెట్టు రద్దు చేసింది.